ఎండిన బోర్లకు ఉద్యోగం

అనంతపురం జిల్లాలో ఎండిన బోరు లేని ఊరు చూపించమంటే కష్టం. అరచేతిలో టెంకాయ నిలబడిందని ఒకటి, వేపపుల్ల తిరిగిందని ఇంకొకటి వేయించి, అప్పు తీరకముందే మూతి మీద రాయి పెట్టినవి. వాటికి నేనిప్పుడు ఉద్యోగం చూశాను.

ఫ్యాక్టరీలు నేలలోకి వదిలిన రసాయనాలను తవ్వకుండా తీసే పద్ధతి ఒకటుంది. వరసగా బోర్లు దించి, ఇనప గొట్టాల్లో హీటర్లు పెట్టి, నెలల తరబడి మట్టిని కాగబెడతారు. ఇనప సామాన్ల జిడ్డు వదిలించే ట్రైక్లోరోఇథిలీన్ నీళ్లకంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. భూగర్భజలం అడుగుకు దిగి కూర్చుంటుంది. అంత మొండిది కూడా నీళ్లతో కలిసి 73 డిగ్రీలకే మరిగి పైకొస్తుంది. డయాక్సిన్ అనే విషం ఇంకా మొండి. వియత్నాంలోని డానాంగ్ విమానాశ్రయంలో అది పట్టిన మట్టిని కుప్పపోసి 335 డిగ్రీల దాకా కాచారు.

మా ఊరి బయట మూతపడిన షెడ్డు వెనక ఒక గుంట ఉంది. వానపడితే నీళ్ల మీద రంగురంగుల తెట్టు తేలుతుంది. మేకలు మూతి దాకా పెట్టి, తుమ్మి, వెనక్కొస్తాయి. ఒక సారుకు చెప్తే, "మన ఎండలకు ఏదైనా ఆవిరైపోతుందిలే అన్నా" అన్నాడు. నిజమే కదా! రోహిణికి రోళ్లు పగిలే సీమ. 43 డిగ్రీలు పైనుంచి ఉచితంగా వస్తున్నాయి, తక్కువైంది 30. కాకపోతే పదడుగుల లోతుకు ఎండాకాలం వచ్చిందన్న కబురే అందదు.

పోనీ కరెంటు. మట్టిలో కడ్డీలు పాతి, త్రీఫేజు కరెంటు నేలలోకే పంపే పద్ధతీ ఉంది. మట్టి ఎండితే కరెంటు పారదు గనక కడ్డీల దగ్గర నీళ్లు పోస్తూ ఉండాలి. అంటే ముందు ట్యాంకరు మాట్లాడుకోవాలి. ఇదంతా విని మా చిన్నాయన అడిగాడు: "మట్టికి రాత్రీ పగలూ త్రీఫేజు ఇస్తారా అబ్బీ? అయితే నా మోటారును కూడా మట్టి అని రాయించు."

లేచిన ఆవిరి ఇళ్లలోకి పోకుండా నేల మీద మూత వేసి, పంపులతో లాగి, బొగ్గు ఫిల్టర్ల గుండా పంపాలట. ఆ పద్దు నేనే ఎస్టిమేట్లోంచి కొట్టేశాను. షెడ్డు చుట్టూ నలభై ఇళ్లున్నాయి, ఇంటికి నాలుగు ముక్కులు.