ముట్టుకుంటే పాడవుతుంది

పాలమూరుకు నైపుణ్యాభివృద్ధి ఈ మధ్యే వచ్చిందనుకునేవాళ్లను చూస్తే జాలేస్తుంది. కూలీలను గుంపుగా దూరపు పనులకు తీసుకెళ్లే గుంపు మేస్త్రీని వాళ్లు మరిచిపోయారు. రాతపరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు. రెక్కలు చూసి ఎంపిక చేసుకునేవాడు, పైగా పనికి ముందే చేతిలో అడ్వాన్స్ పెట్టేవాడు. అది తీరడానికి ఎన్నేళ్లు పట్టేదంటారా? ఉద్యోగ భద్రత అంటే అదే కదా! నాగార్జునసాగర్‌కు మట్టి మోసిన మనవాళ్ల దగ్గర ఒక్క సర్టిఫికెట్ లేదు. డ్యామ్ మాత్రం నిలబడే ఉంది.

ఇప్పుడు ఆ లోటు తీరింది. 2015లో కేంద్రం నైపుణ్య శిక్షణ పథకం కౌశల్ వికాస్ యోజన వచ్చాక మా చిన్నాయన కొడుకు పట్నంలో ఏదో సెంటర్‌లో ఎలక్ట్రీషియన్ కోర్సులో చేరాడు. ఐటీఐలో రెండేళ్లు చెప్పే విద్యను అక్కడ మూడు నెలల్లో తేల్చేశారు. హాజరుకు వేలిముద్ర పెట్టడమే వేలికి పడిన పని. ముప్పై మందికి ఒకటే మోటారు. ముట్టుకుంటే పాడవుతుందని దాన్నీ అద్దాల బీరువాలో పెట్టారు. చివరి రోజు టోపీలు, టీషర్టులు, గ్రూప్ ఫొటో. ఫొటో బాగా వచ్చింది.

ఉద్యోగం కూడా చూపించారు, అబద్ధమెందుకు. హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కు సెక్యూరిటీ గార్డు. కరెంటు పోతే జనరేటర్ వేసేది నువ్వే కదా, చదువుకు తగ్గ కొలువే అని సెంటర్ సారు ఫోన్‌లో సర్దిచెప్పాడు. గది కిరాయి, తిండి పోగా మిగిలింది బస్సు చార్జీ. దాంతోనే తిరిగొచ్చాడు. రిజిస్టర్‌లో ఇంకా డ్యూటీలోనే ఉన్నాడేమో!

అప్రెంటిస్‌లకు 1961లోనే చట్టం చేశారని తెలిసి ఒక ఫ్యాక్టరీకి వెళ్లాడు. అనుభవం ఉంటేనే లోపలికన్నాడు వాచ్‌మన్. వాచ్‌మన్‌దీ ఎలక్ట్రీషియన్ కోర్సేనట.

ఇక బెంగ లేదు. 2024లో తెలంగాణలో స్కిల్స్ యూనివర్సిటీకి చట్టం చేశారు. 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనీ పెట్టుకున్నారు, రోబోలు కూడా వస్తాయట. వాటిని ముట్టుకోనిస్తారా లేదా, అదొక్కటే కనుక్కోవాలి.

మొన్న మా బోరు మోటారు కాలింది. తమ్ముణ్ణి పిలిస్తే, "వైండింగ్ భాయ్‌కి చెబుదాం అన్నా" అన్నాడు. ఏడో తరగతి తప్పిన భాయ్ వాసన చూసే రోగం చెప్పేశాడు. షాపులో మనిషి కావాలనీ అన్నాడు. తమ్ముడు ఆశగా సర్టిఫికెట్ తీసుకెళ్లాడు. భాయ్ దాన్ని అటూ ఇటూ తిప్పి, లామినేషన్ గట్టిగానే ఉందని మెచ్చుకుని, గ్రీజు నేలకు అంటకుండా మోటారు కింద పరిచాడు.

"ఇగ పానా పట్టు" అన్నాడు.