పోలిక పట్టిక గారి సముఖానికి

మహారాజశ్రీ ఎంటర్‌ప్రైజ్ కంటెంట్ మేనేజ్‌మెంట్, అనగా కంపెనీ కాగితాలను కంప్యూటరులో దాచి వెతికిపెట్టే, సాఫ్ట్‌వేర్ల పోలిక పట్టిక గారి దివ్యసముఖానికి, మేడ్చల్ దగ్గర ఒక విత్తనాల కంపెనీలో ఆఫీసు వ్యవహారాలు చూసుకునే మనిషి నమస్కరించి వ్రాయునది. ఉభయ కుశలోపరి అని రాద్దామనే ఉంది. తమరు క్షేమంగా ఉన్న సంగతి రాత్రి ఫైలు సేవ్ చేస్తూ కళ్లారా చూశాను. నా క్షేమం మాత్రం నిన్న మధ్యాహ్నం రెండున్నరకు మొదలై ఆరింటికి ముగిసిన ఒక సాఫ్ట్‌వేరు కంపెనీ వారి డెమోలో పోయింది.

తమరు పుట్టినప్పుడు 22 వరుసలే ఉండేవి. అవి నా చేతులతో రాసినవే. తరువాత ఆడిటు వారు కొన్ని, ఐటీ విభాగం వారు కొన్ని, లీగల్ వారు మరికొన్ని చేర్చారు. ఆపైన ఒక అమ్మకందారు 'మీ సౌకర్యం కోసం' అంటూ తన దగ్గరున్న నమూనా పట్టికను పంపితే, అందులోని వరుసలు తన ఒక్కడికే తప్ప మరెవరికీ నప్పవన్న సంగతి గ్రహించకుండా మేము వాటిని కూడా తమరిలో కలిపేశాం. వాడికి మాత్రమే నప్పాల్సిన ఆ వరుసలన్నిటికీ మిగతా ఐదుగురు అమ్మకందారులూ మర్నాటికల్లా 'ఉంది' అని నింపి పంపడం చూసైనా నాకు బుద్ధి రావలసింది. ఇప్పుడు తమరు 164 వరుసలు, ఆరు సాఫ్ట్‌వేర్లు, మొత్తం 984 గడులతో కళకళలాడుతున్నారు. వాటిలో 951 గడుల్లో ఉన్నది ఒకే మాట: ఉంది.

ధర గురించి అడగను. ఆరింట నాలుగు గడుల్లో 'సంప్రదించగలరు' అని ఉంది, సంప్రదిస్తే ఒకాయన పేరుపేరునా ఎంతమంది వాడతారని, ఇంకొకాయన ఒకేసారి ఎంతమంది లోపల ఉంటారని, మూడో ఆయన ఎన్ని గిగాబైట్లని అడిగారు. ఆ మూడు లెక్కలనూ పక్కపక్కన పెట్టి పోల్చమనడం సోలతో, గజంతో, తులంతో కొలిచిన సరుకులో ఏది చవకో చెప్పమనడమే. పేర్ల గురించీ అడగను. ఈ జాతి సాఫ్ట్‌వేర్లలో ఫైల్‌నెట్ 2006లో ఐబీఎం ఇంటికి చేరింది, డాక్యుమెంటమ్ 2003లో ఈఎంసీకి, 2017లో ఓపెన్‌టెక్స్ట్‌కు వెళ్లింది, ఆల్ఫ్రెస్కో 2020లో, నుక్సియో ఆ మరుసటి ఏడు హైలాండ్ గూటిలో పడ్డాయి. ఇవి చాలవన్నట్టు 2017లో సాఫ్ట్‌వేర్లను బేరీజు వేసే గార్ట్‌నర్ సంస్థ తన నివేదికలో ఈ జాతి పేరునే మార్చి 'కంటెంట్ సర్వీసెస్' అంది. సంబంధం కుదిరేలోగా పెళ్లికొడుకు ఇంటిపేరు మారడం వేరు, ఇక్కడ గోత్రమే మారిపోయింది. అయినా సర్దుకుపోయాం.

నా బాధ 87వ వరుస. 'తెలుగు పత్రాల్లో పదం ద్వారా వెతకడం' అని నేను రాసిన వరుస అది. ఆరింటికి ఆరూ 'ఉంది'.

మా రైతులు సంతకం చేసే ఒప్పందాలు తెలుగులోనే ఉంటాయి, ఉండాలి కూడా. మొలక శాతం తగ్గిందనో, ఆడ మగ వరుసల్లో కేళీలు, అంటే తేడా రకం మొక్కలు, తీయలేదనో, కొనుగోలు ధర విషయంలో మాట తప్పారనో గొడవ వచ్చిన రోజున మాకు కావలసింది ఆ సంవత్సరపు ఒప్పందంలో ఆ ఒక్క షరతు. అటువంటి కాగితాలు మా గదిలో పదకొండు వేలకు పైగా ఉన్నాయి. అందుకని నిన్నటి డెమోకు పెన్‌డ్రైవులో రెండు పత్రాలు తీసుకెళ్లాను. ఒకటి 2011 రబీలో మొక్కజొన్న విత్తనోత్పత్తి కోసం డీటీపీ కేంద్రంలో అను ఫాంటుతో టైపు చేయించి పీడీఎఫ్‌గా దాచినది. రెండోది రెండేళ్ల క్రితం మా ఆఫీసులోనే యూనికోడ్‌లో, అంటే తెలుగు అక్షరానికి తెలుగు సంకేతమే ఉండే పద్ధతిలో, టైపు చేసినది.

వచ్చిన అబ్బాయి మర్యాదస్తుడు. రెండింటినీ ఎక్కించి, 'ఏం వెతకమంటారు సర్' అన్నాడు. 'ఒప్పందం' అని వెతకమన్నాను. తెర మీద ఒక చిన్న చక్రం కాసేపు తిరిగి, ఫలితాలు సున్నా అని చూపించింది. మొదటి పత్రం తెరిచి, అందులో కంటికి నిక్షేపంలా కనిపిస్తున్న 'ఒప్పందం' అనే మాటనే కాపీ చేసి వెతికే పెట్టెలో అతికించాడు. అక్కడ పడినవి ఒక డాలరు గుర్తు, రెండు కుండలీకరణాలు, నెత్తిన చుక్కలున్న ఏవో ఐరోపా అక్షరాలు. అను ఫాంటు సంగతి తెలిసినవారికి ఇందులో వింత లేదు. ఫైలు లోపల దాగి ఉండేవి రోమన్ అక్షరాలకు చెందిన సంకేతాలే, వాటికి తెలుగు బొమ్మలు తొడగడమే ఆ ఫాంటు పని. యూనికోడ్ మొదటి సంచిక వచ్చిన 1991 నుంచే తెలుగుకు అందులో 128 స్థానాల గది ఉన్నా, మన అచ్చు పని మాత్రం చాలాకాలం అను మీదే నడిచింది. ఈ సంగతి తెలియని సాఫ్ట్‌వేరు తెలుగువారి కాగితాలను ఏం భద్రపరుస్తుంది?

పోనీ, రెండోది యూనికోడే కదా. దాని శీర్షిక 'విత్తనోత్పత్తి ఒప్పందపత్రం'. లోపల 'ఒప్పందాన్ని', 'ఒప్పందానికి', 'ఒప్పందంలోని' అని పద్దెనిమిది చోట్ల ఉంది. విడిగా 'ఒప్పందం' అని ఒక్కచోటా లేదు, కాబట్టి సాఫ్ట్‌వేరు వారి దృష్టిలో ఆ మాట అందులో లేనే లేదు. విభక్తి తగిలితే మాట రూపు మారే భాషను పదానికి పదం సరిపోల్చి వెతకడమంటే, రాముడిని చూశారా అని అడిగితే 'రాముణ్ణి చూశాం గానీ రాముడిని చూడలేదు' అని చెప్పడమే. ఇంకొక్కటి అడిగి ఊరుకుందామని 'లాట్లు' (విత్తనాల బ్యాచీలకు మా మాట) అని వెతికించాను. పత్రంలో టైపు చేసినామె 'లాట్‌లు' అని, ట కింద ఒత్తు రాకుండా విడదీసి కొట్టింది. ఆ విడదీత కోసం మధ్యలో పడే కనిపించని గుర్తు ఒకటి చాలు, యంత్రానికి అవి రెండు వేరు మాటలు. మళ్లీ సున్నా.

అప్పుడా అబ్బాయి ఎంతో సౌమ్యంగా, 'సర్, ఇంగ్లీషులో ఏదైనా వెతుకుదామా?' అన్నాడు.

ఆ తరువాతి పావుగంటలో 'ఉంది' అనే మాటకు నేను విన్న అర్థాలు ఇవి. మొదట 'కాన్ఫిగరేషన్‌లో వచ్చేస్తుందండీ' అన్నాడు. ఎవరు చేస్తారంటే 'అది కస్టమైజేషన్ కిందకు వస్తుంది, విడిగా కొటేషన్ ఇస్తాం' అన్నాడు. ఎన్నాళ్లంటే, ఫోనులో పైవారిని కనుక్కుని, 'రోడ్‌మ్యాప్‌లో ఉందట సర్' అన్నాడు. పాపం అతన్ని అనను. టెసరాక్ట్ వంటి ఉచిత పరికరం కూడా స్కాన్ చేసిన బొమ్మలోని అచ్చు తెలుగును గుర్తుపట్టేలా తయారైన మాట నిజమే గనుక, వాళ్ల ఆఫీసులో ఎవరో అది చదివి నీ గడిలో 'ఉంది' అని కొట్టి ఉంటారు. గుర్తుపట్టడం వేరు, వెతికిపెట్టడం వేరు అని అడగాల్సినవాడివి నువ్వు.

అవును, నువ్వే. ఇంకా తమరు గిమరు అనడం నా వల్ల కాదు. పెట్టె విప్పగానే పనిచేసేదీ, ఆరు నెలలు డబ్బు పోస్తే పనిచేయవచ్చేదీ, ఇంకా ఎవరి బుర్రలోనూ పుట్టనిదీ, ఈ మూడింటికీ ఒకే మాట, ఒకే ఆకుపచ్చ రంగు వేసి నా ముందు పెట్టావు. 112వ వరుసలో 'రికార్డు నిలుపుదల గడువు: ఉంది' అన్నావు. జీఎస్టీ లెక్కల గడువు ఆ ఏటి వార్షిక రిటర్ను ఆఖరు తేదీ నుంచి 72 నెలలైతే, నిన్న నేను చూసినది ఫైలు ఎక్కించిన రోజు నుంచి లెక్కపెడుతోంది. 140లో 'సమాచారం బయటికి తీసుకోవడం: ఉంది' అన్నావు. తీసుకుంటే ఫైళ్లు వస్తాయి, వాటికి మేము పెట్టుకున్న పేర్లు, తేదీలు, రైతు నంబర్లు రావు. ఉందా అంటే ఉంది, ఏదీ అంటే లేదు. నాలుగు నెలలుగా నీ గడులు నింపుతూ నేను పని చేస్తున్నాననుకున్నాను. పైగా అడుగున ఉన్న నీ మొత్తం మార్కుల్లో ఎండీ గారికి ముందే నచ్చినది మూడో స్థానంలో వచ్చిందని, వెయిటేజీలు మూడుసార్లు దిద్ది దాన్ని మొదటి స్థానానికి తెచ్చింది కూడా ఈ చేతులే. ఆ పాపంలో నీ వాటా ఎంతో, నా వాటా ఎంతో దేవుడికెరుక.

రాత్రి కోపంతో నిన్ను డిలీట్ చేద్దామనే తెరిచాను. పైకి పోతే, మొదటి 22 వరుసలు ఇంకా అలాగే ఉన్నాయి. 'కరెంటు పోయి వచ్చాక సగం ఎక్కిన ఫైలు ఏమవుతుంది' అని ఒకటి. 'నర్సమ్మ గారు ఒక్కరే ఎవరి సాయమూ లేకుండా స్కాన్ చేయగలరా' అని ఒకటి. ఇలాంటి వరుసలను నింపినవారెవరూ లేరు. ఖాళీగా ఉన్న గడులన్నీ దాదాపు వాటివే.

అందుకని చెరిపేయలేదు. ప్రతి సాఫ్ట్‌వేరు పక్కన ఒక నిలువు వరుస కొత్తగా చేర్చి, దానికి 'చూశామా?' అని పేరు పెట్టాను. 87వ వరుసలో మొదటి గడిలో 'చూశాను, లేదు' అని రాశాను. మిగతావన్నీ ప్రస్తుతానికి తెల్లగా ఉన్నాయి. రేపు పదకొండింటికి రెండో కంపెనీ వారు వస్తున్నారు. పెన్‌డ్రైవులో అవే రెండు పత్రాలు, వాటితో పాటు ఒక రైతు చేతిరాతతో ఇచ్చిన రసీదు కూడా వేసుకున్నాను.

ఇట్లు,
22 వరుసలప్పటి నుంచి నిన్ను ఎరిగినవాడు