మార్ట్‌గేజ్‌లో చచ్చిందెవరు?

ఇంటి లోన్ కాగితాల్లో మనం చదవకుండా సంతకం పెట్టేసే మాటల్లో మార్ట్‌గేజ్ ఒకటి. పాత ఫ్రెంచిలో దీనర్థం 'చచ్చిన తాకట్టు', మోర్ట్ అంటే చచ్చిన అని. ఈ మోర్ట్ లాటిన్ వైపు నుంచి మన మృత్యువుకి దూరపు చుట్టమే. ఇంగ్లీషువాళ్లు మర్యాదస్తులు కాబట్టి ఆ చావులోని 'ట్' రాస్తారు గానీ పలకరు, కస్టమర్ జడుసుకోకూడదు కదా.

ఇంతకీ చచ్చిందెవరు? 1628లో ఎడ్వర్డ్ కోక్ అనే ఇంగ్లండు న్యాయకోవిదుడు తేల్చాడు: బాకీ కట్టకపోతే భూమి నీకు చచ్చినట్టు, కట్టేస్తే తాకట్టు అప్పిచ్చినవాడికి చచ్చినట్టు. ఎటు తిరిగీ ఒకరికి దినం గ్యారంటీ. అంతకు నాలుగు వందల ఏళ్ల పైచిలుకు ముందే, గ్లాన్విల్ పేరు మీద వచ్చిన న్యాయగ్రంథం ఇంకా సూటిగా చెప్పింది. తాకట్టు భూమి మీద పంట అప్పిచ్చినవాడు తింటూ, తిన్నదాన్ని బాకీలో జమ వేసుకుంటే అది బతికున్న తాకట్టు. పంటా తిని, బాకీ కూడా పైసా తగ్గకుండా అలాగే నిలబెడితే చచ్చిన తాకట్టు, అదొక రకం వడ్డీ వ్యాపారం అని కూడా అనేసింది. పాపం, ఆయనకి ఈఎంఐ తెలీదు. 25 లక్షలు, 8.5 శాతం, 20 ఏళ్లు అనుకోండి, నెలకి దాదాపు 21,700. మొదటి నెల అందులో 17,700 వడ్డీకే పోయి, అసలులో తగ్గేది 4,000 లోపే. గ్లాన్విల్ లెక్కలో దీన్ని కొన ఊపిరితో ఉన్న తాకట్టు అనాలేమో.

ఇక గేజ్. పూచీ అని అర్థం, జర్మానిక్ మాట, అంటే ఇంగ్లీషు, జర్మన్‌ల భాషా కుటుంబానిది. జీతానికి వాడే వేజ్, పెళ్లికి వాడే వెడ్డింగ్, ఈ గేజ్, ముగ్గురూ ఒక్క తల్లి పిల్లలే. ఉద్యోగం వచ్చిందా, పెళ్లెప్పుడు, ఇల్లు కొన్నావా అని ప్రతి ఫంక్షన్లో పిన్నిగారు అడిగే మూడు ప్రశ్నలూ భాషాశాస్త్రం ప్రకారం ఒకటే ప్రశ్న అన్నమాట. ఏ యూనివర్సిటీ అయినా ఆవిడకి వెంటనే డాక్టరేట్ ఇచ్చేయాలి.

మనమేం తక్కువ తిన్నామా? తనఖా పారశీకం నుంచి వచ్చిన మాట. ఒకప్పుడు జీతం బదులు ఫలానా ఊరి శిస్తు వసూలు చేసుకోమని రాసిచ్చేవారే, అదీ తన్ఖాయే. ఉర్దూలో అది జీతంగా స్థిరపడింది, మన దగ్గర తాకట్టయి కూర్చుంది. హైదరాబాద్‌లో ఒకే ఆఫీసులో పక్కపక్క కుర్చీల్లో ఉన్న ఇద్దరిలో ఒకరు తన్ఖా పడిందని స్వీట్లు పంచుతుంటే, ఇంకొకరు తనఖా కాగితాలు పట్టుకుని సగంపూట సెలవడుగుతారు. బ్యాంకు కంప్యూటర్‌కి మాత్రం ఈ గందరగోళమేం లేదు, 1న పడ్డది 5న లాగేసుకుంటుంది.