గుర్రం కాలి పుండును కాల్చకండి

గుర్రాలున్న మిత్రులంతా వంతులేసుకున్నట్టు ఒకే మెసేజ్ పంపుతున్నారు. పైన "మానని కాలి గాయానికి ఎనిమిది సూత్రాలు, పది రోజుల్లో మచ్చ కూడా మిగలదు" అని ఉంటుంది. కింద "అందరికీ పంపండి, ఒక మూగజీవాన్ని కాపాడండి" అని ఉంటుంది. పంపినవాళ్ల మనసు మంచిదేనని నాకు తెలుసు. కానీ అందులో రాసినట్టు చేస్తే ఆ మూగజీవం కుంటిదైపోతుంది. ఒక సూత్రం మాత్రం ప్రాణానికే ముప్పు. అందుకే ఓపిక చేసుకుని ఒక్కొక్కదానికీ జవాబు రాస్తున్నాను.

ముందు ఆ "పది రోజుల" సంగతి. ముందు కాలికి మోకాలి కింద, వెనక కాలికి హాక్ (కాలి మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చే కీలు) కింద కండ అన్నదే ఉండదు. చర్మం, టెండన్లు (కండను ఎముకకు కలిపే తాళ్లు), ఎముక, అంతే. రక్తం తక్కువగా అందుతుంది, చర్మం బిగుతుగా ఉంటుంది, అడుగు వేసిన ప్రతిసారీ గాయం అంచులు లాగబడతాయి. పక్కటెముకల మీద పెద్ద గాయం కూడా అంచులు దగ్గరికి లాక్కుని చాలావరకు మూసుకుపోతుంది. కాలి గాయం అలా కాదు. మొదటి రెండు వారాల్లో అది ఇంకా పెద్దదవుతుంది. తర్వాత అంచు నుంచి కొత్త చర్మం పాకాలి. ఒంటి మీద అది రోజుకు దాదాపు 0.2 మిల్లీమీటర్లు పాకితే కాలి మీద 0.09 మిల్లీమీటర్లే పాకుతుంది. అంచులు కుంచించుకోవడం ఏమీ సాయపడకపోతే, 4 సెంటీమీటర్ల వెడల్పున్న గాయం రెండువైపుల నుంచి కప్పుకోవడానికి ఏడు నెలలు దాటుతుంది. ఈ లెక్క తెలిసినవాళ్లెవరూ పది రోజులని రాయరు.

మొదటి సూత్రం: రోజూ హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయాలి, నురగ వస్తే క్రిములు చస్తున్నట్టు. నురగకు కారణం రక్తంలోనూ కణాల్లోనూ ఉండే ఒక ఎంజైము. ఒక్క క్రిమి కూడా లేని శుభ్రమైన మాంసం మీద పోసినా అలాగే పొంగుతుంది. చచ్చేవాటిలో గాయాన్ని పూడ్చడానికి వచ్చిన కణాలు కూడా ఉంటాయి. లీటరు మరిగించి చల్లార్చిన నీళ్లలో 9 గ్రాముల ఉప్పు కలపండి. 35 మిల్లీలీటర్ల సిరంజికి 18 గేజ్ సూది తగిలించి ఆ నీటిని ధారగా కొట్టండి. మట్టి వదలడానికి ఆ ఒత్తిడి చాలు, కణాలకు హాని ఉండదు.

రెండోది: కట్టు కట్టొద్దు, గాలి తగలనివ్వాలి. ఇక్కడ రాసినవాళ్లకు ఒక విషయం ఒప్పుకుని తీరాలి. కట్టు కట్టిన కాలి గాయంలోనే దుర్మాంసం, అంటే గాయంలోంచి పైకి ఉబికే మాంసం, ఎక్కువ పెరుగుతుందని గుర్రాల మీద చేసిన ప్రయోగాల్లోనే తేలింది. మాంసం చర్మం మట్టానికి నిండాక కూడా నెలల తరబడి కట్టు మీద కట్టు వేస్తూ పోయేవాళ్లకు ఈ హెచ్చరిక అవసరమే. కానీ తాజా గాయాన్ని, అందులోనూ ఎముకో టెండనో బయటపడ్డ గాయాన్ని మట్టికీ ఈగలకీ వదిలేయమనడం వేరే మాట. ఎండిపోయిన ఎముక పైపొర చచ్చిపోతుంది. దాని పర్యవసానం చివర్లో చెబుతాను.

మూడోది: రక్తం ఆడటానికి రోజూ నడిపించాలి. కీలు మీద గాయం ఉంటే అది వంగిన ప్రతిసారీ కొత్త చర్మం చిరుగుతుంది. గిట్ట వెనక మెత్తటి భాగం తెగితే డాక్టర్లు ఏకంగా సిమెంటు కట్టు వేసి కదలిక ఆపేది అందుకే. నడక ఎప్పుడు మొదలెట్టాలో గాయం ఉన్న చోటును బట్టి ఉంటుంది.

ఇక నాలుగోది. నన్ను ఇంత రాసేలా చేసింది ఇదే. "మాంసం పైకి ఉబికితే మైలుతుత్తం, సున్నం సమానంగా కలిపి చల్లాలి. నల్లగా మాడి రాలిపోయేదాకా రోజూ చల్లాలి. గుర్రానికి నొప్పి ఉండదు." 

ఉబికే ఆ ఎర్రటి గరుకు మాంసంలో రక్తనాళాలు విపరీతంగా ఉంటాయి, నరాలు ఉండవు. నొప్పి ఉండదన్న మాట అక్కడివరకే నిజం. కానీ పొడికి హద్దు తెలియదు. గాయం చుట్టూ సన్నగా, గులాబీ రంగులో ఒక అంచు కనిపిస్తుంది చూడండి. రోజుకు 0.09 మిల్లీమీటర్ల చొప్పున పాకుతున్న కొత్త చర్మం అదే. గుర్రం పోగేసుకున్నదంతా ఆ అంచులోనే ఉంది. మైలుతుత్తం, సున్నం, కాస్టిక్, ఏది చల్లినా ముందు చచ్చేది ఆ లేత అంచే. వారం రోజులు చల్లారంటే నెలల ఎదుగుదలను కాల్చేసినట్టే. పైన మాడిన పొర రాలగానే కింద మాంసం మళ్లీ రెట్టింపు ఉత్సాహంతో పెరుగుతుంది. ఎందుకంటే అది పెరగడానికి కారణమే ఆ చోట ఆరకుండా మిగిలిన వాపు. మీరు రోజూ చేస్తున్నది ఆ వాపును మళ్లీ రాజేయడం. పొడి పక్కనున్న మంచి చర్మం మీద పడితే అక్కడ నరాలున్నాయి, గుర్రం ఆ మంటకు కాలు కొరుక్కుంటుంది. అప్పుడు "మందు పనిచేస్తోంది, దురద పెడుతోంది" అని అదే సూత్రంలో రాశారు! ఒక జంతువు మంటతో మెలికలు తిరుగుతుంటే దాన్ని నయమయ్యే లక్షణంగా చెప్పడం నాకు క్షమించరానిదిగా అనిపిస్తోంది. నొప్పి ఉండదని అంత నమ్మకం ఉన్నవాళ్లు ఆ పొడిని తమ చెయ్యి తెగినచోట ఒక్కసారి చల్లుకుని ఆ తర్వాత ఫార్వర్డ్ చేయాలి.

అయితే ఉబికిన మాంసాన్ని అలాగే వదిలేయాలా అంటే, వద్దు. కొత్త చర్మం ఆ గుట్ట ఎక్కలేదు, అంచు దగ్గరే ఆగిపోతుంది. అందుకే డాక్టరు దాన్ని పదునైన బ్లేడుతో చర్మం మట్టానికి చెక్కేస్తారు. నరాలు లేవు కాబట్టి చాలాసార్లు మత్తు సూదితో నిలబెట్టే ఆ పని అయిపోతుంది. కింది నుంచి పైకి చెక్కుతారు, లేకపోతే కారే రక్తంలో ఏమీ కనపడదు. గులాబీ అంచును తాకరు. రక్తం చాలా పోతుంది కాబట్టి వెంటనే గట్టిగా కట్టు వేస్తారు. ఉబుకు అప్పుడే మొదలవుతుంటే కొద్ది రోజులు స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ సరిపోవచ్చు. దాన్నీ నెలల తరబడి రాస్తే చర్మం పాకడం మందగిస్తుంది. గాయం మరీ పెద్దదైతే మెడ దగ్గరి నుంచి చిన్న చిన్న చర్మం ముక్కలు తీసి నాటుతారు.

ఐదోది తేనె. తేనె మీద నాకు పేచీ లేదు. గుర్రం కాలి గాయాల మీద మొదటి వారాల్లో అది నిజంగానే మేలు చేస్తుందని పరిశోధనలు చూపించాయి. కాకపోతే అది గాయాల కోసమే శుద్ధి చేసిన తేనె అయ్యుండాలి. తినే తేనెలో సూక్ష్మజీవులు దొరికిన సందర్భాలు చాలానే ఉన్నాయి.

ఆరోది: తెల్ల కాళ్ల గుర్రాలకు గాయాలు మానవు. రంగుకూ దీనికీ సంబంధం లేదు. పోనీలకు (పొట్టి జాతి గుర్రాలకు) మాత్రం పెద్ద గుర్రాలకన్నా త్వరగా మానుతుంది, ఎందుకంటే వాటి ఒంట్లో మొదటి రోజుల వాపు బలంగా వచ్చి త్వరగా తగ్గిపోతుంది.

ఏడోది చదివినప్పుడు నాకు చేతులు వణికాయి. "గాయం చిన్నదై, గుర్రం కుంటకపోతే డాక్టరు అక్కర్లేదు." కాలి కింది భాగంలో కీళ్లు, టెండన్ల తొడుగులు చర్మానికి అతి దగ్గరలో ఉంటాయి. మేకు దిగిన చిన్న రంధ్రం నేరుగా కీలులోకి వెళ్లి ఉండొచ్చు. రంధ్రం తెరిచి ఉండి ద్రవం కారుతున్నంతసేపూ గుర్రం మామూలుగా నడుస్తుంది. అది మూసుకుని లోపల ఒత్తిడి పెరిగాకే కాలు కింద పెట్టలేకపోతుంది. అప్పటికి కీలు నిండా చీము. గాయం కీలు దగ్గర ఉన్నా, పసుపు రంగులో జిగురుగా తీగలా సాగే ద్రవం కనిపించినా గంటలు లెక్కపెట్టుకోవాలి. డాక్టరు గాయానికి దూరంగా ఇంకోవైపు నుంచి కీలులోకి సెలైన్ ఎక్కించి, అది గాయంలోంచి బయటికొస్తుందేమో చూస్తారు. వస్తే మొదటి 24 గంటల్లో కీలును కడిగించిన గుర్రాలకు మళ్లీ పరుగెత్తే ఆశ బాగా ఉంటుంది. ఆలస్యమైన వాటిలో కొన్నిటికి చివరికి దయామరణమే గతవుతుంది. ఇంకో సంగతి, ధనుర్వాతానికి గుర్రమంత తేలిగ్గా లొంగే పెంపుడు జంతువు లేదు. ఎనిమిది సూత్రాల్లో ఆ టీకా మాట ఒక్కచోట కూడా లేదు. ఎంత చిన్న గాయమైనా టీకా ఎప్పుడు వేయించారో ముందు చూడండి. అసలు వేయించనే లేదంటే టీకాతో పాటు యాంటీటాక్సిన్ (ఆ జబ్బు విషాన్ని విరిచే మందు) కూడా వెయ్యాలి.

ఎనిమిదోది: నెలలైనా మానకపోతే రక్తం చెడినట్టు, యాంటీబయాటిక్ ఇస్తూనే ఉండాలి. నెలలైనా మానకపోతే ఏదో అడ్డు ఉన్నట్టు, దాన్ని వెతకాలి. గాయం మూసుకున్నట్టే మూసుకుని మళ్లీ చీము కారుతుంటే లోపల చచ్చిన ఎముక ముక్క ఉండొచ్చు. ఇందాక ఎముక పైపొర అన్నది దీని గురించే. గాయమైన రోజు తీసిన ఎక్స్‌రేలో ఆ ముక్క కనపడదు, రెండు మూడు వారాలయ్యాక మళ్లీ తీయించాలి. ముక్క తీసేస్తే అన్నాళ్లు మొండికేసిన గాయం మానడం మొదలుపెడుతుంది. వేసవిలో పుండులో పసుపు రవ్వల్లాంటివి కనిపిస్తే ఈగలు మోసుకొచ్చిన హాబ్రోనీమా పురుగు పిల్లలు కావచ్చు, వాటికి ఐవర్‌మెక్టిన్ పనిచేస్తుంది. నిలవ నీళ్లలో నిలబడే గుర్రానికి పుండు వేగంగా పెరిగి, లోపల పగడంలాంటి గట్టి పసుపు ముక్కలుండి, దురదకు అది కాలు కొరుక్కుంటుంటే పిథియోసిస్ (నీళ్లలో ఉండే బూజులాంటి జీవి వల్ల వచ్చే జబ్బు) అని అనుమానించాలి. దానికి మామూలు యాంటీబయాటిక్‌లు పనిచేయవు, రోజులు గడిచేకొద్దీ కాలు పోతుంది. దుర్మాంసంలా కనిపించేది ఒక్కోసారి పశువుల పాపిలోమా వైరస్ వల్ల వచ్చే సార్కాయిడ్ కణితి కూడా కావచ్చు. కంటితో చూసి రెండిటినీ వేరు చేయడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. అందుకని డాక్టరు పైమాంసం చెక్కినప్పుడు ఆ ముక్కను పారేయొద్దని, బయాప్సీకి (ల్యాబులో ముక్క పరీక్షకు) పంపమని మీరే అడగండి.