చక్రాల ఇంటికి గృహప్రవేశం

కెనడాలో ఉంటూ అమెరికా వెళ్లి మోటార్‌హోమ్ కొనుక్కొచ్చేవాళ్ల మీద జనానికి ఈమధ్య జాలి ఎక్కువైంది. "పాపం, బోర్డర్‌లో ఎన్ని కాగితాలు అడిగారో" అని నిట్టూరుస్తున్నారు. ఈ జాలి అనవసరమని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. బండి కొన్నామనుకోబట్టే వాళ్లకు టెన్షన్. వాళ్లు కొన్నది ఒక ఫైలు. దాంతోపాటు ఒక పడకగది, వంటగది, బాత్‌రూమ్, ఇంజిన్ ఉచితంగా వస్తాయి.

ఇల్లన్నాక గృహప్రవేశం ఉండాలి, దానికో ముహూర్తం కావాలి. ఈ ఇంటికి ముహూర్తం పెట్టేది అమెరికా కస్టమ్స్ వారు. బండి దేశం దాటడానికి కనీసం 72 గంటల ముందే టైటిల్ కాగితాలు (బండి మనదేనని చూపే పత్రాలు) వాళ్లకు చేరాలి. అంతకంటే ముందు ఎగుమతి వివరాలు ఆన్‌లైన్‌లో నమోదు చేయించి ఒక నంబరు తెచ్చుకోవాలి. ఆ నమోదు మనంతట మనం చేసుకునేది కాదు కనుక ఒక ఏజెంటును పట్టుకోవాలి, ఆయనకో ఫీజు ఇవ్వాలి. పెద్ద క్రాసింగుల్లో బోర్డర్ రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. ఎగుమతి కాగితాలు చూసే కౌంటరు మాత్రం చాలాచోట్ల ఆఫీసు వేళల్లోనే ఉంటుంది. శుక్రవారం సాయంత్రం తాపీగా వచ్చినవాళ్లు సోమవారం దాకా ఆ ఊరి అందాలు చూసుకోవచ్చు.

ఇందులో దూరదృష్టి ఉంది, గమనించండి. సోఫానో ఫ్రిజ్జో దిగుమతి చేసుకునేవాడు కాగితం కదలకపోతే ఎక్కడ పడుకుంటాడు? మంచం, పొయ్యి, షవర్ అన్నీ అమర్చి దిగుమతిదారుకు బస కూడా ఇచ్చే సరుకు లోకంలో ఇదొక్కటే. ఈ నిబంధనలు రాసినవారు మోటార్‌హోమ్‌ను కళ్లారా చూసే రాసి ఉంటారు.

ఇక కెనడా వైపు. ఇక్కడి అధికారి వాహన దిగుమతి పత్రమైన ఫారం 1 నింపుతారు, 5 శాతం జీఎస్టీ కట్టించుకుంటారు. అమెరికా డాలర్లలో ఎంతో చవగ్గా కనిపించిన ధర కెనడా డాలర్లలోకి మారి ఒళ్లు చేశాకే ఆ పన్ను లెక్క కడతారు. మీరు రాష్ట్ర అమ్మకపు పన్ను లేని ఆల్బర్టావారు కాకపోతే రాష్ట్రానికి ఇవ్వాల్సింది రిజిస్ట్రేషన్ రోజున వేరే. బండి ఎక్కడ తయారైందో రుజువు చూపాలి, సుంకం దాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ ఈ బండ్లకు ప్రపంచ రాజధానిగా పేరు పడ్డ ఊరు. అయినా పుట్టిన ఊరి పేరు చెబితే చాలదు, ధ్రువపత్రం కావాలి.

డీలరు పూటంతా తిప్పి చూపించిన క్వార్ట్జ్ వంటగట్టు, గోడలోంచి బయటికి జరిగే గది, మీట నొక్కితే విచ్చుకునే పందిరి ఇవేవీ ఇక్కడ ఎవరికీ పట్టవు. అందరి చూపూ డ్రైవరు సీటు దగ్గరున్న చిన్న స్టిక్కరు మీదే. బండి అమెరికా భద్రతా ప్రమాణాలకు తగ్గట్టు తయారైందని తయారీదారు ఇచ్చిన హామీ అందులో ఉంటుంది. పాత యజమాని శుభ్రత పిచ్చితో దాన్ని గీకేసి ఉంటే మీ కథ మరోలా నడుస్తుంది. రీకాల్ (లోపం సరిచేయడానికి తయారీదారు బండిని వెనక్కి పిలవడం) పెండింగ్ ఏదీ లేదని ఉత్తరం కూడా కావాలి. ఇంజిన్, చక్రాలు ఉండే అడుగు చట్రం, అంటే చాసిస్, ఒకరిది, పైన ఇల్లు కట్టింది మరొకరు. ఇంటి సంగతి మాకు తెలియదని చాసిస్‌వాళ్లు, ఇంజిన్ సంగతి మాకు తెలియదని ఇల్లు కట్టినవాళ్లు అంటారు. ఇద్దరినీ ఒక మాట మీదకు తేవడం ఫోన్ పట్టుకున్న కొనుగోలుదారు పని.

తర్వాత పగటి దీపాలు. 1989 డిసెంబర్ 1 తర్వాత తయారైన వాహనానికి పట్టపగలు కూడా ముందు లైట్లు వాటంతటవే వెలగాలని కెనడా నియమం. చిన్న కార్ల విషయంలో ఇది మంచి నియమమే, ప్రాణాలు కాపాడే నియమం. ముప్పై అడుగుల పొడవుండి, వెనక కారునూ పైన రెండు సైకిళ్లనూ మోసుకుంటూ, పక్కన గద్ద బొమ్మ వేసుకుని వచ్చే భవనం ఎదుటివారికి కనపడదేమోనన్న బెంగను కూడా మనం గౌరవించాలి. ఆ మార్పులు చేయించి, ఇన్‌స్పెక్షన్ చేయించడానికి గడువు 45 రోజులు. దిగుమతి వాహనాల రిజిస్ట్రారుకు రుసుము కట్టాలి, ఆ రుసుము మీద పన్ను కూడా.

బండికి 15 ఏళ్లు నిండితే మాత్రం ఈ రిజిస్ట్రారు గొడవే లేదు, కెనడా భద్రతా ప్రమాణాలూ వర్తించవు. నిరుడు ఫ్యాక్టరీలోంచి వచ్చిన బండిని అనుమానించి, బ్రేకులు అరిగిన తాతగారిని నమస్కరించి లోపలికి పంపడం ఎంత చక్కటి సంస్కారం! పెద్దలంటే గౌరవం పోయిందని వాపోయేవాళ్లు ఒకసారి సరిహద్దుకు వెళ్లి చూడాలి.

ఇన్ని బాగున్నా ఒక్క లోటు కనిపిస్తోంది, దాన్ని రెండు ప్రభుత్వాల దృష్టికీ తెస్తున్నాను. బోర్డర్ పక్కనే కరెంటు, నీళ్లు, మురుగు కనెక్షన్లతో ఒక క్యాంప్‌గ్రౌండ్ వేయండి. స్టాంపు కోసం ఎదురుచూసే కుటుంబాలు అక్కడే సెలవులు గడిపేస్తాయి, రాకీ పర్వతాల దాకా డీజిల్ తగలేయక్కర్లేదు. అద్దె ఎంత పెట్టినా ఇస్తారు. దాని మీద జీఎస్టీ ఎలాగూ వేస్తారు.