దూదికి దొర బిరుదు

దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో పేషెంటును పట్నం తెచ్చుకున్న మనిషి, డిశ్చార్జి రోజు ఆస్పత్రి కౌంటర్ దగ్గర బిల్లు పట్టుకొని "గిదేంది సారూ?" అని అడగాలేగానీ, వచ్చే జవాబులకు పొట్ట చెక్కలవుతుంది. 'పేషెంట్ ఐడెంటిఫికేషన్ బ్యాండ్' అంటే చేతికి చుట్టిన ప్లాస్టిక్ పట్టీ. 'అడ్మిషన్ కిట్' విప్పితే సబ్బు, బ్రష్షు, పేస్టు, దువ్వెన. నిన్ననే యాదగిరిగుట్టలో గుండు కొట్టించుకొచ్చినోడికైనా ఆ దువ్వెన తప్పదు. 'డైలీ చార్ట్ చార్జి' అంటే మంచానికి వేలాడే కాగితం. వీటన్నిటికీ తలదన్నేది 'డిశ్చార్జ్ ప్రొసీజర్ చార్జి'. ఇంటికి పోవడం కూడా ఓ చికిత్సే అన్నమాట!

ఇవి నేను అల్లినవి కావు. గది అద్దెలోనే కలిసిపోవాలంటూ బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన 37 పద్దుల జాబితాలో ఇవన్నీ ఉన్నాయి. అమెరికావాళ్లు ఇంకో మెట్టు పైనే ఉన్నారు. అక్కడ టిష్యూ డబ్బా బిల్లులో 'మ్యూకస్ రికవరీ సిస్టమ్' (చీమిడి సేకరణ వ్యవస్థ)గా అవతరించిన ముచ్చటను ఏళ్లుగా చెప్పుకొని నవ్వుకుంటున్నారు.

నవ్వుదాం. కానీ ఇదంతా ఇంగ్లిష్ మోజు అనుకుంటే మోసపోయినట్టే. ఈ పేర్లు కూలీకి పనిచేస్తున్నాయి. దూది ధర అందరికీ తెలుసు. అదే 'డ్రెస్సింగ్ కిట్' అంటే, సంతలో రూపాయి దగ్గర కూడా బేరమాడే నోరు మూతపడుతుంది.

రుజువు కావాలంటే ఆరోగ్యశ్రీని చూడండి. 2007 ఏప్రిల్ 1న ఆ పథకం మొదలైన మూడు జిల్లాల్లో మన పాలమూరు ఒకటి. అందులో ఆపరేషన్‌కు ఇంత అని ప్యాకేజీ. దూది, కట్టుగుడ్డ, గ్లౌజులు అన్నీ అందులోనే. పక్క మంచం మీద పైసలు కట్టే పేషెంటు. అదే నర్సు, అదే కత్తెర, అదే దూది కట్ట. ఆరోగ్యశ్రీ మంచం దగ్గర దూది దూదిగానే ఉండిపోతుంది. పక్క మంచం దగ్గరికి రాగానే దానికి బిరుదు దక్కుతుంది! పద్దుకింత అని పైసలు రాలే చోటే పేర్లు మొలుస్తాయి.

సెలైన్‌ను చూడండి. అర లీటరు సీసాలో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు. క్రిములు లేకుండా చేసినందుకు ఖర్చవుతుంది, కాదనను. కానీ దానికి కేంద్రం గరిష్ఠ ధర కట్టింది కాబట్టి, దాని పేరు మీద ఎవరికీ కవిత్వం పుట్టదు. అడ్మిషన్ కిట్టుకు అలాంటి కట్టడి లేదు. 2018లో ఔషధ ధరల నియంత్రణ సంస్థ ఎన్‌పీపీఏ ఢిల్లీ పరిసరాల్లోని నాలుగు ప్రైవేటు ఆస్పత్రుల బిల్లులు తిరగేస్తే లాభం 1,737 శాతం దాకా తేలింది.

పేర్లు పక్కాగా లేకపోతే ప్రాణాల మీదికొస్తుందని డాక్టర్లంటారు. చేతి నరంలోకి పెట్టే సూది గొట్టం 'కాన్యులా'లో 18 సైజుకూ 20 సైజుకూ తేడా ఉంది, నిజమే. ఆ పేర్లు స్టోరు రూములో రాసుకోండి. బిల్లు కట్టేది స్టోరు కీపర్ కాదుగా.

అసలు మన దగ్గర జేబుకు కన్నం పడే ప్రతిచోటా ముందు ఓ పెద్ద పేరు వచ్చి కూర్చుంటోంది. మిర్యాలగూడ ఎరువుల దుకాణంలో యూరియా బస్తా యూరియాగానే ఉంటుంది, ధర సర్కారుది కాబట్టి. పక్కన సీసాలో పంట ఎదుగుదలకని అమ్మేది మాత్రం 'బయో స్టిమ్యులెంట్'. బడికి పోతే ఆరో తరగతి లెక్కల పుస్తకం మీద 'ఐఐటీ ఫౌండేషన్'. రైతు అడగడు, తండ్రి అడగడు, పేషెంటు అడగడు. అడిగితే చదువు రానోడనుకుంటారని భయం. ఆ భయం మీదే వ్యాపారం నడుస్తోంది.

రేట్లను స్థానిక భాషలో కూడా బోర్డు మీద పెట్టాలని ఆస్పత్రుల కోసం కేంద్రం తెచ్చిన క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ నిబంధనలు 2012 నుంచీ చెబుతూనే ఉన్నాయి. మీ ఊరి నర్సింగ్ హోమ్‌లో ఆ బోర్డు ఉందేమో చూడండి. లేకపోతే వచ్చే సోమవారం ప్రజావాణికి భూమి దరఖాస్తులతో పాటు ఆస్పత్రి బిల్లు కూడా పట్టుకెళ్లండి. అందులోని పద్దులు ఒక్కొక్కటీ తెలుగులో చదివి వినిపించమని, కలెక్టర్ ముందే జిల్లా వైద్యాధికారిని అడగండి.