దింపడానికి సైన్యం ఏదీ?
1942 ఏప్రిల్‌లో జపాన్ సేనలు విశాఖలో దిగి ఉంటే కోస్తా అంతా వారంలో వాళ్ల చేతికి చిక్కేదని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసిన విమానాలు ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి వచ్చాయి. జపాన్ నౌకాదళ అధికారి ఒజావా నడిపిన ఆ దళం పని బంగాళాఖాతంలో సరుకు ఓడల్ని ముంచడమే, సైన్యాన్ని దింపడం కాదు. సిలోన్‌ను (ఇప్పటి శ్రీలంక) పట్టుకుందామని నౌకాదళం అడిగినా జపాన్ ఆర్మీ అందుకు కావలసిన డివిజన్లు, అంటే పెద్ద సైనిక దళాలు, ఇవ్వలేదు. వాళ్ల బలగంలో చాలా భాగం చైనాలోనే ఇరుక్కుపోయింది. రెండు నెలలకే పసిఫిక్‌లోని మిడ్వే దీవి దగ్గర అమెరికాతో జరిగిన పోరులో నాలుగు పెద్ద విమానవాహక నౌకలు పోగొట్టుకున్నారు. పోనీ, దిగారే అనుకుందాం. తిండి, పెట్రోలు అంత సముద్రం దాటించి ఎవరు తెచ్చిపెడతారు? అయితే జనం భయం మాత్రం నిజం. మా నాన్నమ్మకు అప్పుడు పదేళ్లు. ఇత్తడి బిందెలు నూతిలోకి దింపి, ఇంటికి తాళం వేసి, రాత్రికి రాత్రి ఎడ్లబండి మీద విజయనగరం వైపు వెళ్లిపోయారట. పొయ్యి మీద పప్పు కూడా దించలేదని చివరిదాకా చెప్పేది. మద్రాసులోనైతే ప్రభుత్వమే ఆఫీసుల్ని లోపలి ఊళ్లకు తరలించింది, జూలో క్రూరమృగాల్ని కాల్చి చంపించింది. ఊహించాలంటే దండయాత్ర కన్నా ఇది ఊహించండి: అలా వెళ్లిపోయిన కూలీలు, గుమాస్తాలు ఏడాదిపాటు తిరిగి రాకపోతే, తెరిచి తొమ్మిదేళ్లే అయిన విశాఖ రేవు నడిచేదా?